అత్తయ్యగారి మోకాళ్ళతో ఎడిన్‌బరా

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి న్యూకాసిల్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆగస్టులో నేను, మావారు, మా అత్తయ్యగారు దాని దగ్గరికి వెళ్తున్నాం. అత్తయ్యగారికి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, పైగా శాకాహారి. ఒక మూడు రోజులు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరా చూసి రావాలని ఉంది. కోట, ప్యాలెస్, ఆర్థర్స్ సీట్ కొండ, స్కాట్ మాన్యుమెంట్, నేల కింద వీధులు, లాక్ నెస్ సరస్సు, షాపింగ్... అన్నీ రాసిపెట్టుకున్నాను. మావారేమో "అంత డబ్బు పోసి రాళ్ళు చూడ్డానికా" అంటున్నారు. మూడు రోజుల్లో ఇవన్నీ అవుతాయా? అత్తయ్యగారిని అమ్మాయి ఇంట్లోనే ఉంచి మేం వెళ్ళొస్తే మంచిదా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అత్తయ్యగారిని వదిలి వెళ్ళకండి. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు. మీ లిస్టు చూశాను. అందులో సగం ఆవిడ మోకాళ్ళ సంగతి అలా ఉంచండి, మీ మోకాళ్ళకే పనికిరాదు. ఆ సగం కొట్టేస్తే మిగిలేదంతా ఆవిడ కూడా హాయిగా చూడగలిగిందే.

నేను తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. చుట్టాలెవరొచ్చినా నేనే గైడుని. మొదటి రెండు మూడు సార్లు నేను చేసిన తప్పులు మీరు చెయ్యకూడదని ఈ జవాబు.

ఊరి సంగతి ముందు తెలియాలి. ఎడిన్‌బరాని మ్యాపులో చూస్తే మోసపోతారు. ఫోన్లో చూస్తే జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జ్ అనే రోడ్డు, కౌగేట్ అనే రోడ్డు ఒక చోట కలుస్తున్నట్టే ఉంటాయి. సరే అక్కడ మలుపు తిరిగితే చాలనుకుని వెళ్తారు, తీరా చూస్తే మీరేమో వంతెన మీద ఉంటారు, మీకు కావలసిన రోడ్డేమో పాతాళంలో, నాలుగు మేడల ఎత్తు కింద. తమాషా ఏంటంటే వంతెన మీద నడుస్తున్నామని కూడా తెలియదు, రెండు వైపులా ఇళ్ళూ దుకాణాలే కదా. దాని పక్కనే సౌత్ బ్రిడ్జ్ ఉంది, 1788 నాటిది. దానికి పందొమ్మిది ఆర్చీలు, బయటికి కనిపించేది ఒక్కటే. మిగతావన్నీ ఇళ్ళ వెనక దాగిపోయాయి. మీరు రాసిన "నేల కింద వీధులు" కూడా ఇలాంటి వ్యవహారమే, ఒకప్పుడు ఆకాశం కనిపించిన సందుల మీద తర్వాతివాళ్ళు భవనాలు కట్టేస్తే అవి నేల కింద ఉండిపోయాయి.

ఊరు ఇలా తయారవడానికి కారణం కోట కింద ఉన్న బండ. అది దాదాపు 35 కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన రాయి. మంచుయుగంలో పడమటి నుంచి తూర్పుకి పాకిన మంచు ఆ బండని కదపలేక రెండు పక్కల నుంచీ మట్టిని గీక్కుంటూ పోయింది, బండ చాటున తూర్పువైపు మాత్రం కొంత నేల తోకలాగా మిగిలింది. ఆ తోక వెన్ను మీద వేసిన వీధే రాయల్ మైల్. పడమట ఎత్తున కోట, తూర్పున పల్లంలో హోలీరూడ్ ప్యాలెస్, మధ్యలో సుమారు 1.8 కిలోమీటర్లు. పాత స్కాట్లండ్ మైలు అంత పొడుగన్నమాట.

మీకు కావలసిన ప్లానంతా ఈ తోకలోనే ఉంది. పైకి బండి మీద వెళ్ళండి, కిందికి నడిచి రండి. నేను చెప్పేది ఇదొక్కటే. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం కదా అంటారేమో, అది మెట్ల విషయంలో నిజం. రాయల్ మైల్ మెట్లు కాదు, వాలు. పై భాగం కాస్త ఏటవాలుగా ఉన్నా, తర్వాత మెల్లగా జారుతూ పోతుంది, మధ్యమధ్య కూర్చోడానికి చోట్లుంటాయి. వీధికి రెండు వైపులా 'క్లోజ్' అని బోర్డు పెట్టిన సందులు డజన్లకొద్దీ కనిపిస్తాయి, అవి భలే ఉంటాయి కానీ చాలావాటిలో నిట్టనిలువు మెట్లుంటాయి. వాటిలోకి మీరూ మీ అమ్మాయీ దూరండి, అత్తయ్యగారిని మాత్రం వీధి మీదే ఒక కాఫీ కొట్లో కూర్చోబెట్టండి.

ఇక ఆగస్టు. మీ ప్రయాణం తేదీలు ఖాయమైపోతే చేసేదేం లేదు గానీ, మార్చుకునే వీలుంటే ఎడిన్‌బరా వరకు సెప్టెంబరు మొదటి రెండు వారాలకి జరపండి. ఆగస్టులో ఇక్కడ పండగలన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. 1947లో మొదలైన అంతర్జాతీయ కళల ఫెస్టివల్, దానితోపాటే పిలవని పేరంటంగా మొదలై ఇప్పుడు దాన్ని మించిపోయిన ఫ్రింజ్, రాత్రిళ్ళు కోట ముందు మైదానంలో 'టాటూ' అనే సైనిక బ్యాండ్ల ప్రదర్శన. ఊరు గోదావరి పుష్కరాలప్పటి రాజమండ్రిలా ఉంటుంది. నాకు ఆ సందడి ఇష్టమే, కత్తులు మింగేవాళ్ళనీ ఒంటిచక్రం సైకిలు మీద నిప్పులు విసిరేవాళ్ళనీ రోడ్డు మీద నిలబడి ఉచితంగా చూడొచ్చు. కానీ ఆ జనంలో 71 ఏళ్ళ మనిషిని చెయ్యి పట్టుకుని నడిపించడం అంటే టెన్షన్. హోటల్ రేట్లు మామూలు రోజులకి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు. పైగా 2026 జూలై 24 నుంచి బస చేసేవాళ్ళ మీద ఊరి కౌన్సిల్ అయిదు శాతం పన్ను వేస్తోంది, మొదటి అయిదు రాత్రులకి.

ఆగస్టు తప్పదంటారా, అయితే ఇక్కడ రూమే తీసుకోకండి. న్యూకాసిల్ నుంచి రైల్లో గంటన్నర. అమ్మాయి ఇంట్లో ఉండి రెండు విడి రోజులు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోండి. టికెట్లు ముందుగా కొంటే చాలా చవక. స్టేషన్ పేరు వేవర్లీ, అది సరిగ్గా పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్య లోయలో ఉంటుంది, దిగగానే ఊరి నడిబొడ్డున ఉంటారు.

రూమ్ తీసుకునే పక్షంలో ఒక హెచ్చరిక. మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు మా ఇల్లు చిన్నదని పాత ఊళ్ళో ఒక ఫ్లాట్ బుక్ చేశాను. ఫోటోల్లో కిటికీలోంచి కోట కనిపిస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. వెళ్తే అది నాలుగో అంతస్తు. లిఫ్ట్ లేదు. మెట్లు రాతివి, గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి, వందల ఏళ్ళుగా జనం తొక్కీ తొక్కీ ఒక్కో మెట్టు మధ్యలో సన్నికల్లులా గుంట పడి ఉంది. రెండు పెట్టెలు, ఒక్కోటి ఇరవై మూడు కిలోలు, అందులో సగం బరువు మా అమ్మ పెట్టుకొచ్చిన పచ్చళ్ళది. నాన్నగారు రెండో అంతస్తులో ఆగి పెట్టె మీద కూర్చుని, "ఇదేనా కోట?" అన్నారు. అద్దెకిచ్చినాయన్ని అడిగితే లిఫ్ట్ ఉందని మేం ఎక్కడా రాయలేదే అన్నాడు. నిజమే, రాయలేదు. అందుకని మీరు "లిఫ్ట్ ఉందా" అని రాతపూర్వకంగా అడిగి మరీ బుక్ చెయ్యండి. ఇంకో మాట, ఇక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటే మన లెక్కలాగే ఒక మెట్ల వరుస పైన. హేమార్కెట్ వైపో, ట్రామ్ లైన్ పక్కనో మామూలు హోటల్ తీసుకుంటే కోట కిటికీలోంచి కనిపించకపోవచ్చు గానీ సుఖం.

మొదటి రోజు కోట. టికెట్ ఇరవై పౌండ్లు దాటుతుంది, టైముతో సహా ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి, గేటు దగ్గర దొరుకుతుందనుకుని వెళ్తే ఆగస్టులో వెనక్కి రావాల్సిందే. టాక్సీ ఎక్కి కాజిల్‌హిల్ దాకా వెళ్ళండి, రోడ్డు మూసి ఉంటే ఎంత దగ్గరికి వస్తే అంత. లోపల దారంతా గుండ్రాళ్ళు పరిచిన ఎత్తు. నడవలేనివాళ్ళని పైకి చేర్చే చిన్న బండి ఉంటుంది, సిబ్బందిని అడిగితే చెప్తారు. మొహమాటపడి అడగకుండా ఉండేవాళ్ళే ఎక్కువ మనలో.

కోటలో అన్నీ చూడక్కర్లేదు. పైన ఒక మూల పన్నెండో శతాబ్దపు చిన్న ప్రార్థనామందిరం ఉంది, సెయింట్ మార్గరెట్ పేరు మీద. ఊళ్ళో ఇంతకన్నా పాత కట్టడం లేదు, పదిహేను ఇరవై మంది పడితే ఎక్కువ. మన ఊళ్ళో చిన్న రామాలయం గర్భగుడి అంత. అది చూశాక, 1566లో స్కాట్లండ్ రాణి మేరీ కొడుకుని కన్న గది చూడండి. పేరుకి రాజభవనం, గది మాత్రం మన ఇళ్ళలో స్టోర్ రూమ్ అంత ఉంటుంది, చెక్క పలకల గోడలు, ఒక కిటికీ. అక్కడ పుట్టిన పిల్లాడే ఆరో జేమ్స్, 1603లో ఇంగ్లండుకీ రాజయ్యాడు. ఆయన రాజుగా ఉండగానే 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు మన మచిలీపట్నంలో దిగి కొట్టు తెరిచారు. ఈ ముక్క మీవారికి చెప్పండి, ఆ గదిలో ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ నిలబడతారు. రాజకిరీటం కూడా ఇక్కడే ఉంది. రాజులు పట్టాభిషేకానికి వాడే రాయి మాత్రం ఇప్పుడు లేదు, 2024లో పెర్త్ మ్యూజియానికి తీసుకెళ్ళారు, పాత గైడ్‌బుక్కులు చూసి వెతుక్కోకండి.

కోటలో ఉంటే సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుతుంది. ఆదివారాలు ఉండదు. 1861 నుంచి పేలుస్తున్నారు, లీత్ రేవులో ఓడలవాళ్ళు గడియారాలు సరిచేసుకోడానికి. అంతకుముందు కాల్టన్ హిల్ మీద ఒక బంతిని కింద పడేసేవారు, పొగమంచులో అది కనిపించకపోతే శబ్దమైనా వినిపిస్తుందని ఫిరంగి పెట్టారు. మరి పన్నెండింటికి కాకుండా ఒంటిగంటకెందుకు? పన్నెండింటికైతే పన్నెండు సార్లు పేల్చాలి, మందుగుండు దండగ కదా! ఇది ఇక్కడివాళ్ళు వాళ్ళ పిసినారితనం మీద వాళ్ళే వేసుకునే జోకు. కింద ప్రిన్సెస్ స్ట్రీట్‌లో నిలబడితే ఇంకా బాగుంటుంది. ఢామ్మనగానే టూరిస్టులందరూ ఉలిక్కిపడి పైకి చూస్తారు, ఊరివాళ్ళు మాత్రం చేతి గడియారం చూసుకుని నడిచిపోతుంటారు.

కోట నుంచి దిగుతూ వస్తే కుడివైపు సెయింట్ జైల్స్ చర్చి, శిఖరం రాతి కిరీటంలా ఉంటుంది. లోపలికి డబ్బులక్కర్లేదు, డబ్బాలో తోచినంత వెయ్యొచ్చు. చల్లటి రాతి మందిరం, కుర్చీలు, అత్తయ్యగారికి అరగంట విశ్రాంతి. బయట గుమ్మం ముందు రోడ్డు మీద రంగురాళ్ళతో హృదయం బొమ్మ వేసి ఉంటుంది. ఫోటో కోసం దానిమీద కూర్చోకండి. జనం దానిమీద ఉమ్ముతారు! అక్కడ ఒకప్పుడు జైలు ఉండేది, 1817లో పడగొట్టారు. జైలు మీద కసితో మొదలైందంటారు, ఇప్పుడేమో ఉమ్మితే అదృష్టమంటారు. మా మేనత్త అది చూసి, "గుడి ముందు ఉమ్మే జనం మనకి నాగరికత నేర్పారా" అని రెండు రోజులు అదే మాట.

అక్కడి నుంచి ప్యాలెస్ దాకా ఓపికుంటే నడవండి, లేకపోతే బస్సు. లోథియన్ బస్సులు బాగుంటాయి, ఎక్కేచోట పక్కకి వంగి ఫుట్‌పాత్ ఎత్తుకి వస్తాయి, కార్డు తాకిస్తే సరి. నోట్లు ఇస్తే చిల్లర తిరిగి ఇవ్వరు. ప్యాలెస్ లోపలికి టికెట్ ఉంది, రాజుగారు వచ్చినప్పుడు మూసేస్తారు, వెళ్ళేముందు చూసుకోండి. ఒక్క టికెట్టే కొంటామంటే నా ఓటు కోటకే. ప్యాలెస్ ఎదురుగా స్కాట్లండ్ పార్లమెంటు ఉచితం. 2004లో తెరిచారు, మొదట అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగి ఖర్చు 41 కోట్ల పౌండ్లు దాటింది. ఇక్కడి టాక్సీవాళ్ళు ఇప్పటికీ దాని గురించి తిట్టుకుంటారు, మీవారికి మంచి కాలక్షేపం.

ఆర్థర్స్ సీట్ కొట్టేయండి. 251 మీటర్లే కదా అనిపిస్తుంది, పైన గాలి నెట్టేస్తుంది, రాళ్ళు నున్నగా జారుతుంటాయి. మీ అమ్మాయి ఒక్కతే తెల్లవారుజామున ఎక్కి రావాలనుకుంటే రానివ్వండి. మీకు కాల్టన్ హిల్ చాలు. రీజెంట్ రోడ్డు వైపు నుంచి వెళ్తే మెట్లు తప్పించుకోవచ్చు, మెల్లగా ఎక్కితే పావుగంట, ఊరూ సముద్రమూ కోటా అన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి. పైన గ్రీకు గుడిలాంటిది ఒకటుంది, పన్నెండు స్తంభాలు, వెనకేం లేదు. నెపోలియన్ యుద్ధాల్లో పోయిన సైనికుల కోసమని 1826లో మొదలుపెట్టి, చందాలు అయిపోయి 1829లో ఆపేశారు. దాన్ని అలాగే వదిలేసి, 'ఎడిన్‌బరా సిగ్గుచేటు' అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. రచయిత వాల్టర్ స్కాట్ గుర్తుగా కట్టిన స్కాట్ మాన్యుమెంట్ కూడా కిందినుంచే చూడండి, 287 మెట్లు, పైకెళ్ళేకొద్దీ భుజాలు గోడలకి రాసుకుంటాయి. ఎదురుగా తోటలో బెంచీ మీద కూర్చుంటే నల్లగా మసిబారిన ఆ గోపురం మొత్తం కనిపిస్తుంది. ఊరంతా బొగ్గు పొయ్యిలున్న రోజుల మసి అది, అప్పట్లో ఈ ఊరికి ముద్దుపేరే 'పొగచూరిన ముసల్ది' అని.

లాక్ నెస్ గురించి గట్టిగా చెప్తున్నాను, వద్దు. మ్యాపులో దగ్గరగానే ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే రాత్రి ఎనిమిదింటికి దింపుతారు, అందులో సరస్సు దగ్గర ఉండేది రెండు గంటలు కూడా కాదు. మా అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాను. నాన్నగారు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నిద్రపోయారు. మా అమ్మది ఏలూరు, ఆ నీళ్ళని కాసేపు చూసి, "మన కొల్లేరు లాగే ఉంది కదే, పక్షుల్లేవు గానీ" అంది. దారిలో కొండలు అద్భుతంగా ఉంటాయి, అబద్ధం చెప్పను, ఈడున్నవాళ్ళు రెండు రాత్రులు అక్కడే ఉండేలా వెళ్తే బాగుంటుంది. ఆ రోజుని మీరు గ్రేఫ్రయర్స్‌కీ మ్యూజియానికీ ఇవ్వండి. రెండూ పక్కపక్కనే, రెండూ ఉచితం.

గ్రేఫ్రయర్స్ అంటే శ్మశానం. పేరు విని అత్తయ్యగారు వెనకాడితే బలవంతం చెయ్యకండి గానీ, మీరు కాకినాడ వాళ్ళు కాబట్టి తప్పకుండా వెళ్ళాలంటాను. గేటు బయట ఒక కుక్క విగ్రహం ఉంటుంది, బాబీ. యజమాని సమాధి దగ్గర పద్నాలుగేళ్ళు కాపలా ఉందని కథ. జనమంతా దాని ముక్కు రుద్ది ఫోటో దిగి వెళ్ళిపోతారు, ముక్కు అరిగి బంగారంలా మెరుస్తుంటుంది, ఊరివాళ్ళు రుద్దొద్దు మహాప్రభో అంటున్నా వినరు. మీరు లోపలికి వెళ్ళండి. అక్కడ బాస్వెల్ కుటుంబం సమాధిలో విలియం రాక్స్‌బర్గ్ ఉన్నాడు. ఈయన ఎవరంటే, ఈ ఊళ్ళోనే చదువుకుని కంపెనీ డాక్టరుగా మద్రాసు వచ్చి, అక్కడి నుంచి మీ సామర్లకోట చేరి, ఏళ్ళ తరబడి అక్కడ తోట వేసి, మన తీరంలో ఉన్న చెట్టూ చేమా అంతా పరిశీలించి రాసిన మనిషి. మొక్కల బొమ్మలు మన దేశపు చిత్రకారుల చేతే వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి లండన్‌లో భాగాలుగా అచ్చయింది. తర్వాత కలకత్తా తోటకి పెద్దగా వెళ్ళి, చివరికి ఇక్కడికే వచ్చి 1815లో పోయాడు. నేను మొదటిసారి ఆ సంగతి తెలిసి వెళ్ళిన రోజు సన్నగా వాన, రాతి మీద నాచు, ఎవరూ లేరు. బయట కుక్క దగ్గర మాత్రం క్యూ ఉంది. సామర్లకోట ఎండలో మొక్కలు లెక్కపెట్టిన మనిషి ఈ చలిలో పడుకున్నాడా అనిపించింది, అంతే.

మ్యూజియం అంటే నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లండ్, ఛాంబర్స్ స్ట్రీట్‌లో. లిఫ్టులున్నాయి, చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు, వాన రోజుకి ఇంతకన్నా మంచి చోటు లేదు. గొర్రె కణం నుంచి 1996లో పుట్టించిన మరో గొర్రె డాలీ ఇక్కడే గాజు పెట్టెలో ఉంది, మెల్లగా తిరుగుతూ. నేను మాత్రం ఎవరొచ్చినా ముందు లూయిస్ చదరంగం పావుల దగ్గరికి తీసుకెళ్తాను. వాల్రస్ దంతంతో పన్నెండో శతాబ్దంలో చెక్కినవి, ఇక్కడ పదకొండున్నాయి, మిగతావాటిలో ఎక్కువ భాగం లండన్‌లో. అరచేతిలో పట్టే రాణి బొమ్మ ఒకటి, కళ్ళు పెద్దవి చేసుకుని, కుడిచెయ్యి చెంపకి ఆనించుకుని కూర్చుని ఉంటుంది. చెంపన చెయ్యి పెట్టుకోకూడదు, దరిద్రం అని మన పెద్దవాళ్ళు తిడతారే, అచ్చం ఆ భంగిమ. ఎనిమిది వందల ఏళ్ళుగా ఆ తల్లి దేని గురించి అలా బెంగపెట్టుకుందో. ఈ పావులు దొరికిన లూయిస్ దీవిలోనే కాలిన్ మెకంజీ కూడా పుట్టాడు, మన కైఫియత్తులు పోగుచేయించిన మెకంజీ. ఊరూరి చరిత్ర మన గ్రామాల నుంచి రాయించి తెప్పించడంలో ఆయనకి కుడిభుజం ఏలూరి కావలి వెంకట బొర్రయ్య. ఏలూరు అనగానే మా అమ్మ ఆ బొమ్మల దగ్గర ఇంకో పావుగంట నిలబడింది.

మూడో రోజు మీ ఇష్టం. ఓపికుంటే రైల్లో యాభై నిమిషాలు పోయి స్టర్లింగ్ కోట చూడొచ్చు. లేకపోతే డాల్మెనీ స్టేషన్లో దిగి ఫోర్త్ రైలు వంతెన, 1890 నాటిది, రెండున్నర కిలోమీటర్ల ఎర్ర ఇనుము. రాజమండ్రి హావ్‌లాక్ వంతెన చూస్తూ పెరిగినవాళ్ళకి ఇది ప్రత్యేకంగా నచ్చుతుంది. డాల్మెనీ నుంచి నీటి ఒడ్డుకి మెట్లదారి కాబట్టి టాక్సీ పిలవండి. అదీ వద్దంటే బొటానిక్ గార్డెన్, 1670 నాటిది, తోటలోకి ప్రవేశం ఉచితం, బెంచీలకి లోటు లేదు.

తిండి. మీరిద్దరూ అన్నీ తింటారు కాబట్టి హగ్గిస్ తప్పకుండా తినండి. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో, మిరియాలతో కలిపి పొట్ట తిత్తిలో పెట్టి ఉడికించేది. మన బోటీ కూర ఇష్టపడేవాళ్ళకి ఇందులో భయపడేదేం లేదు, కారమే తక్కువ. శాకాహార హగ్గిస్ కూడా దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది, పప్పులూ ఓట్స్‌తో, అది అత్తయ్యగారికి నచ్చొచ్చు. జాగ్రత్త పడాల్సింది 'లెంటిల్ సూప్' దగ్గర. పప్పే కదా అని తాగించేస్తారు, ఇక్కడ దాన్ని పాతపద్ధతిలో పంది మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. ఫిష్ అండ్ చిప్స్ కొట్లలో బంగాళదుంపలు కొన్నిచోట్ల ఎద్దు కొవ్వులో వేయిస్తారు. రెండుచోట్లా ముందు అడగండి, విసుక్కోరు. మన కూరగాయలూ సరుకులూ లీత్ వాక్, నికల్సన్ స్ట్రీట్ వైపు దొరుకుతాయి, దోసె కూడా దొరుకుతుంది, సాంబారు మీద ఆశలు పెట్టుకోకండి. టాబ్లెట్ అని చక్కెర, వెన్న, పాలతో చేసిన ముక్కలుంటాయి, మా నాన్నగారు దానికి 'తెల్లవాళ్ళ పాలకోవా' అని పేరు పెట్టారు. ఊరెళ్ళేటప్పుడు పంచడానికి తాళంచెవి గొలుసుల కన్నా అదే మేలు.

షాపింగ్ అన్నారు. రాయల్ మైల్ మీద గళ్ళ శాలువాలు వరసగా వేలాడుతుంటాయి, కొనేముందు లేబుల్ తిప్పి చూడండి, ఎక్కడ తయారైందో. కొన్ని మన దేశం నుంచే వస్తాయి! మీకు చిల్లర ఇచ్చేటప్పుడు స్కాట్లండ్ బ్యాంకుల నోట్లు ఇస్తారు, మూడు బ్యాంకులు మూడు రకాలుగా అచ్చేస్తాయి. దొంగనోట్లేమో అనుకోకండి. అయితే లండన్లో కొందరు దుకాణదారులు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి ముఖం చిట్లిస్తారు, అందుకని ఇక్కడే ఖర్చుపెట్టేయండి.

బట్టల విషయంలో, ఆగస్టయినా ఇరవై డిగ్రీలు దాటితే ఊళ్ళో అందరూ చొక్కాలు విప్పేసి పార్కుల్లో పడుకుంటారు. దాన్నిబట్టి మీకు ఎంత చలో లెక్కేసుకోండి. గొడుగు తేవద్దు, గాలికి తిరగబడి పువ్వులా విచ్చుకుంటుంది. టోపీ ఉన్న రెయిన్ కోటు, పట్టున్న బూట్లు. అత్తయ్యగారు చీరే కడతానంటే లోపల థర్మల్, కాలికి సాక్సూ బూట్లూ, చెప్పులైతే ఆ గుండ్రాళ్ళ మీద ఒక్క రోజు కూడా నిలబడలేరు. ఆవకాయ తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్ళు మాత్రం పెట్టెలో పెట్టకండి, మన దేశం నుంచి పాల పదార్థాలూ మాంసమూ తేవడానికి ఇక్కడ ఒప్పుకోరు, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. కాకినాడ కాజా అయితే ఏ నెయ్యితో చేశారో నూనెతో చేశారో కొట్లో కనుక్కుని తెండి.

మీవారి ప్రశ్నకి నా లెక్క ఇది. కోట టికెట్లు, రైలు, రెండుపూటల భోజనం, ఒకటి రెండు టాక్సీలు. మిగతా మ్యూజియం, సెయింట్ జైల్స్, పార్లమెంటు, కాల్టన్ హిల్, గ్రేఫ్రయర్స్, తోట అన్నీ ఉచితం. ఆయనకి రాళ్ళే కనిపిస్తాయంటే కాదనను, ఈ ఊరంతా రాయే. డబ్బులైపోయి ఆపేసిన ఆ పన్నెండు స్తంభాల దగ్గర మాత్రం ఆయన్ని కాసేపు ఒంటరిగా వదలండి.

రైలు టికెట్లు తీసుకునేటప్పుడు సీటు ఎంచుకోమంటుంది. వచ్చేటప్పుడు కుడివైపు కిటికీ తీసుకోండి, బెర్విక్ దగ్గర నది దాటాక సముద్రం పట్టాల పక్కకే వచ్చేస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఎడమవైపు. కిటికీ సీటు అత్తయ్యగారికివ్వండి.